మెర్టన్ గంటల లెక్క: ఇంట్లో ఉంటూనే మౌన ప్రార్థన అలవాటు చేసుకోవడం ఎలా

థామస్ మెర్టన్ రాసిన పుస్తకం ఏదో ఒకటి చదివి, మర్నాడే తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి, నాలుగో రోజుకల్లా నీరసపడి మానేసేవాళ్లు చాలామంది. పట్టుదల చాలక అలా జరిగిందనుకుంటారు. ఆయన రాతల్లోని వేడిని మాత్రం తెచ్చుకుని, ఆ వేడిని 27 ఏళ్లు ఆరిపోకుండా కాపాడిన దినచర్యను పుస్తకంలోనే వదిలేయడమే అసలు కారణం. ఆ దినచర్యలో మనకి పనికొచ్చేది ఏది, ఎంత మోతాదులో తీసుకోవాలి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నదే ఇక్కడ చెబుతున్నాం.

ఆయన గురించి తెలియనివారికి నాలుగు ముక్కలు. 1915 జనవరి 31న దక్షిణ ఫ్రాన్సులోని ప్రాద్ అనే ఊళ్లో పుట్టాడు. ఆరేళ్లకి తల్లి, పదహారు నిండకముందే తండ్రి పోయారు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ 1938 నవంబరు 16న కతోలిక సంఘంలో జ్ఞానస్నానం పొందాడు. 1941 డిసెంబరు 10న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో గెత్సెమని మఠంలో చేరాడు. అది ట్రాపిస్టులది. ఆరో శతాబ్దపు సన్యాసి బెనెడిక్టు రాసిన నియమావళిని కఠినంగా పాటించే సన్యాసుల సభ, మాట్లాడుకోవడానికి కూడా సైగలు వాడిన రోజులవి. 1948లో వచ్చిన ఆత్మకథ లక్షల ప్రతులు అమ్ముడై ఆయన్ని లోకానికి తెలిపింది. మరుసటి ఏడాది గురుపట్టం పొందాడు, అంటే ఫాదర్ అయ్యాడు. మఠంలో ఆయన పేరు ఫాదర్ లూయిస్. 1968లో పోయేదాకా ఆ మఠంవాడే.

ముందు ఆయన రోజు ఎలా గడిచేదో చూడండి

తన ప్రార్థన గురించి చెప్పడానికి మెర్టన్ ఎప్పుడూ మొహమాటపడేవాడు. కరాచీలో ఉండే అబ్దుల్ అజీజ్ అనే సూఫీ పండితుడు అడిగితే మాత్రం, 1966 జనవరి 2న రాసిన ఉత్తరంలో రోజంతా వేళలవారీగా విప్పి చెప్పాడు. అప్పటికి ఆయన మఠం తాలూకు అడవిలో చిన్న కుటీరంలో ఒంటరిగా ఉంటున్నాడు.

రాత్రి ఏడున్నరకి పడక, తెల్లవారుజామున రెండున్నరకి మెలకువ. లేవగానే బైబిల్లోని కీర్తనలు. తర్వాత గంట, గంటంపావు ధ్యానం. ఆపైన కాస్త బైబిలు, టీయో కాఫీయో తాగుతూ మొదలుపెట్టిన చదువు పొద్దు పొడిచేదాకా సాగేది. సూర్యోదయానికి మళ్లీ కీర్తనలు, అక్కణ్ణుంచి తొమ్మిది దాకా ఊడ్చుకోవడం, కట్టెలు కొట్టుకోవడం. తర్వాత మఠానికి దిగి పూజ చేసి, రోజుకి ఒక్కపూట వండిన భోజనం అక్కడే ముగించుకుని కుటీరానికి తిరిగి వచ్చేవాడు. ఒంటిగంట వేళ కీర్తనలు, ఇంకో గంట ధ్యానం. ఆ తర్వాత రాతపని: గంటన్నర, మహా అయితే రెండు గంటలు. నాలుగింటికి కీర్తనలు, తేలికపాటి తిండి, మరో గంట ధ్యానం, నిద్ర.

ఇందులో పాఠకులు సాధారణంగా పట్టుకునేది రెండున్నర అనే అంకె. పట్టుకోవలసింది ఏడున్నర. ఆయన ఏడు గంటలు నిద్రపోయేవాడు. పదకొండింటికి పడుకుని మూడింటికి లేచేవాడు మెర్టన్‌ని అనుసరిస్తున్నట్టు కాదు, నిద్రని దొంగిలిస్తున్నట్టు. ఆ దొంగతనం పదిరోజుల్లో బయటపడుతుంది: కూర్చోగానే తల వాలుతుంది, ఇంట్లోవాళ్ల మీద చిరాకు పెరుగుతుంది.

రెండో సంగతి రాత. పదుల సంఖ్యలో పుస్తకాలు, వేల ఉత్తరాలు రాసిన మనిషి కుటీరంలో రాతకిచ్చుకున్నది రెండు గంటల లోపు. ధ్యానానికి మూడు గంటల పైమాట. రోజులో ప్రార్థనే ముందు జాగా పట్టుకునేది, పేరు తెచ్చిన పని మిగిలిన చోటులో సర్దుకునేది. మన రోజుల్లో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ కుటీరం ఆయనకి ఒక్కసారిగా దక్కలేదు. మఠంలో చేరింది 1941లో. ఏకాంతం కావాలని ఏళ్ల తరబడి అడిగితే 1953లో, అడవిలో వాడకుండా పడి ఉన్న పనిముట్ల కొట్టంలో రోజుకి కొన్ని గంటలు గడిపేందుకు అనుమతి దొరికింది. 1960లో ఇతర క్రైస్తవ సంఘాల వారితో చర్చల కోసమని సిమెంటు దిమ్మెలతో చిన్న ఇల్లు కట్టారు, అక్కడ పగలు కొంతసేపు. 1964లో రాత్రి పడుకోనిచ్చారు. పూర్తిగా అక్కడే ఉండనిచ్చింది 1965 ఆగస్టు 20న. అంటే 24 ఏళ్లు. మీరు పది నిమిషాల నుంచి ఇరవై నిమిషాలకి రెండు నెలల్లో చేరితే తొందరగా చేరినట్టే లెక్క.

మొదటి అడుగు: పడక వేళ

అలారం సంగతి తర్వాత. ముందు ఒక వారం పాటు, ఇప్పుడు పడుకునే వేళకంటే అరగంట ముందు పడుకోండి. అదొక్కటే పని, ప్రార్థన ఇంకా మొదలుపెట్టకండి. వారమంతా ఇది సాగకపోతే తర్వాతి అడుగు వేయడం దండగ, ఎందుకంటే ఉదయం మీరు కూర్చునేది ఈ అరగంటలోనే. రాత్రి షిఫ్టులో పనిచేసేవాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు ఉదయాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. పనినుంచి వచ్చాక తలుపు వేసుకోగలిగిన పావుగంట చాలు, కానీ ఏ రోజైనా అదే పావుగంట కావాలి.

చోటు

వీపు నిటారుగా నిలిపే కుర్చీ, దాని ఎదురుగా గోడో కిటికీయో. చేతికందేలా బైబిలు. మంచం మీద కూర్చోవద్దు, ఒంటికి అది నిద్రచోటని తెలుసు. ఫోను పక్కగదిలో ఉండాలి. టైమరు కోసమని దగ్గర పెట్టుకుంటే ధ్యానమంతా దాని చుట్టూనే తిరుగుతుంది, వంటింట్లో వాడే గంట టైమరు కొనుక్కోండి. సిలువో పటమో కొవ్వొత్తో పెట్టుకోవచ్చు, ఒక్కటి చాలు. చోటుని ముస్తాబు చేయడంలో రెండు వారాలు గడిపేసి అసలు కూర్చోనివాళ్లుంటారు.

మొదటి రెండు వారాలు: ఒక కీర్తన, పది నిమిషాలు

కుర్చీలో కూర్చుని ఒక కీర్తన పైకి వినబడేలా చదవండి. పెదవులు కదలాలి, గొంతు లేవాలి. 1వ కీర్తన నుంచి వరుసగా పోండి, నచ్చినవి ఏరుకోవద్దు. బెనెడిక్టు తన నియమావళిలో 150 కీర్తనలూ వారంలో పూర్తిచేయాలన్నాడు. మనకి రోజుకి ఒకటి చొప్పున అయిదు నెలలు పడుతుంది. 119వ కీర్తన 176 చరణాలు కాబట్టి దాన్ని ఎనిమిదేసి చరణాలుగా, 22 రోజులకి పంచుకోండి, అది కట్టింది కూడా అలాగే.

వరుసగా పొమ్మనడానికి కారణం ఉంది. ఏరుకుంటే మనకి 23, 91 లాంటి ఓదార్పు కీర్తనలే మిగులుతాయి. వరుసలో పోతే ఒకరోజు 88వ కీర్తన ఎదురవుతుంది. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, వెలుగు రాదు. మీ మనసు ఆరోజు సంతోషంగా ఉన్నా సరే దాన్ని చదవండి. అప్పుడు మీ గొంతుతో మొరపెట్టేది వేరే ఎవరో.

కీర్తన అయ్యాక టైమరు పది నిమిషాలకి తిప్పి, కళ్లు మూసుకునో సగం తెరిచో కూర్చోండి. అజీజ్‌కి రాసిన ఉత్తరంలో మెర్టన్ తన ధ్యానం గురించి చెప్పింది ఇంతే: దేవుడు ఉన్నాడన్న ఎరుక, ఆయన చిత్తం, ఆయన ప్రేమ, వాటిమీదే గురి. ఏ రూపాన్నీ ఊహించుకోడు, ఏ విషయాన్నీ ఆలోచించడు. చెప్పుకోవడానికి సులువు, కూర్చుంటే తెలుస్తుంది. మొదట్లో పట్టుకొమ్మ కావాలి కాబట్టి, చదివిన కీర్తనలోంచి రెండు మూడు మాటలు తీసుకోండి. 'నా కాపరి', 'ఎంతకాలం, ప్రభూ' లాంటివి. మనసు జారినప్పుడల్లా ఆ మాటకి తిరిగి రండి. జారనప్పుడు దాన్ని కూడా వదిలేయండి. మంత్రంలా లెక్కపెట్టక్కర్లేదు.

ఏం తప్పుతుంది?

ఆలోచనలు వస్తాయి. అది తప్పు కాదు. పరధ్యానం ఎరగనివాడికి ప్రార్థన తెలియనట్టేనని మెర్టన్ కూడా రాశాడు. వచ్చిన ఆలోచనతో పోట్లాడటమే తప్పు, పోట్లాట కూడా ఆలోచనే కదా. పది నిమిషాల్లో నలభైసార్లు తిరిగొస్తే నలభైసార్లు దేవుని వైపు తిరిగినట్టు.

బ్రహ్మాండమైన ప్లాన్లు తడతాయి, ఆఫీసు సమస్యకి పరిష్కారం దొరుకుతుంది. లేచి రాసుకోవాలనిపిస్తుంది. లేవద్దు. అది నిజంగా పనికొచ్చేదైతే పది నిమిషాల తర్వాత కూడా ఉంటుంది.

మూడో వారంలోనో నాలుగో వారంలోనో చప్పగా అయిపోతుంది. మొదట్లో ఉన్న తీపి పోయి, కుర్చీ, గోడ, టైమరు టిక్కుటిక్కు మిగులుతాయి. ఎక్కువమంది మానేసేది ఇక్కడే. ఈ దశలో కింద చెప్పబోయేవి తప్ప కొత్త పద్ధతి వెతకొద్దు, మౌనం సమయం పెంచొద్దు, తగ్గించొద్దు.

ఒక హెచ్చరిక. తీవ్రమైన దిగులుకో భయానికో చికిత్స తీసుకుంటున్నవాళ్లు, ఈమధ్యే పెద్ద దెబ్బ తగిలినవాళ్లు ఎక్కువసేపు మౌనంలో ఒంటరిగా కూర్చుంటే మనసు ఇంకా కిందికి జారవచ్చు. కళ్లు తెరిచి, అయిదు నిమిషాలు, కీర్తన మాత్రం పైకి చదువుకుని లేవడం మేలు. చికిత్స చేస్తున్న వైద్యుడికి కూడా ఒక మాట చెప్పండి.

మూడో వారం నుంచి: నెమ్మది పఠనం

ఇది పాతకాలపు సన్యాసుల పద్ధతి. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పాడు: చదవడం, నెమరువేయడం, అడగడం, ఊరుకోవడం. మౌనం తర్వాత పదిహేను నిమిషాలు దీనికివ్వండి.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి, నాలుగింటిలో అదే చిన్నది. ఒక రోజుకి ఎనిమిది పది వచనాలు మించొద్దు. ఉదాహరణకి 4వ అధ్యాయం 35 నుంచి 41 దాకా, తుఫానులో పడవ. మొదట ఒకసారి మామూలుగా చదవండి. రెండోసారి నెమ్మదిగా, చదువుతూ ఏ మాట దగ్గర కన్ను ఆగిందో చూడండి. ఇక్కడ దిండు ఉంది. యేసు పడవ వెనుకభాగంలో దిండు మీద నిద్రపోతున్నాడని మార్కు రాశాడు. ఇదే సంఘటన మత్తయి, లూకా కూడా చెప్పారు, దిండు మాత్రం వాళ్ల దగ్గర లేదు. నీళ్లు పడవలోకి కొడుతున్నాయి, ఆయన తలకింద దిండు. ఇంతమంది భయపడుతున్నచోట ఒకరికి నిద్ర ఎలా పట్టింది? మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఏది? అక్కడ ఆగండి, మిగతా వచనాలు ఆరోజుకి వద్దు. అడగాలనిపించింది అడిగి, ఆ తర్వాత ఊరుకోండి.

చదువుకున్నవాళ్లకి ఇక్కడ ఒక గుంట ఉంది. దిండు అనగానే వ్యాఖ్యానం తెరిచి, ఆ కాలపు పడవల కొలతల్లోకి వెళ్లిపోతారు. అది మంచి పనే, కాకపోతే సాయంత్రం చేయవలసిన పని. మెర్టన్ కూడా ప్రార్థన, బైబిలు అయ్యాకే పుస్తకాలు పట్టుకునేవాడు. ఇంకో గుంట దీనికి ఎదురుది: ఏ వచనం తెరిచినా నాకు ఈరోజు సందేశం ఏమిటి అని వెతకడం. సందేశం లేని రోజులే ఎక్కువ ఉంటాయి.

చేతిపని

బెనెడిక్టు నియమావళి 48వ అధ్యాయం సోమరితనం ఆత్మకి శత్రువని మొదలై, చేతిపనికీ పఠనానికీ వేళలు కేటాయిస్తుంది. మెర్టన్ కూడా మఠం అడవిలో మొక్కలు నాటాడు, కట్టెలు కొట్టాడు. మీకు దీనికోసం కొత్తగా సమయం అక్కర్లేదు. గిన్నెలు, ఊడ్పు, బట్టలు ఎలాగూ ఉన్నవే. వాటిలో ఒకటి ఎంచుకుని అరగంటపాటు చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా చేయండి. ప్రవచనాలు, భక్తిపాటలు కూడా వద్దు. ఇంతకాలం ఆ పని ఇంకెవరో చేస్తుంటే, ఇది మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద మార్పు అవుతుంది.

అయిదో వారం నుంచి: నోటుబుక్కు

మెర్టన్ జీవితమంతా డైరీ రాశాడు. తాను పోయాక 25 ఏళ్లదాకా వాటిని పూర్తిగా బయటపెట్టవద్దని ఏర్పాటు చేశాడు. 1995 నుంచి ఏడు సంపుటాలుగా వచ్చాయి. ఆత్మకథ పక్కన వాటిని పెట్టి చదివితే, ఎవరూ చదవరనుకుని రాసిన రాతకీ, చదువుతారని తెలిసి రాసిన రాతకీ తేడా కనబడుతుంది. ఆత్మకథ రాసిన కుర్రాడికి లోకమంటే చిన్నచూపు, మఠమంటే స్వర్గం. తర్వాతి రోజుల్లో ఆ కుర్రాడితో మెర్టన్‌కే పొసగలేదు.

రాత్రి అయిదు నిమిషాలు, పది వాక్యాలు మించకుండా రాయండి. తేదీ వేయండి. కంటితో చూసింది ఒకటి: వాన, పక్కింటి కుక్క, ఎవరి ముఖమో. మనసుని లాగింది ఒకటి: కోపమో అసూయో ఇష్టమో, దాని పేరు పెట్టి. కృతజ్ఞత చెప్పుకోవలసింది ఒకటి ఉంటే రాయండి, లేని రోజు కల్పించొద్దు. తీర్పులు, తీర్మానాలు వద్దు. 'రేపటి నుంచి ఓర్పుగా ఉంటాను' అని రాయడం మొదలైందంటే ఎవరికో చూపించడానికి రాస్తున్నట్టే. నెలాఖరున ఒకసారి తిరగేసి, మూడుసార్లకంటే ఎక్కువ వచ్చిన మాట కింద గీత గీయండి. తర్వాతి అడుగులో చెప్పబోయే మనిషితో మాట్లాడవలసింది దాని గురించే.

పుస్తకం ఎవరి చేతికీ అందకుండా పెట్టుకోండి. ఫోనులో రాయకపోతే మంచిది.

చెప్పుకోవడానికి ఒక మనిషి

ఈ అడుగు దాటవేసేవాళ్లు ఎక్కువ. మౌనంలో ఒంటరిగా చాలాకాలం కూర్చునే మనిషికి తన బుర్రలో పుట్టిందంతా దేవుని మాటలా వినిపించే ప్రమాదం ఉంది.

మెర్టన్ జీవితంలో విధేయత, అంటే మఠం పెద్దల మాట వినడం, అందంగా సాగిందేమీ కాదు. మఠాధిపతి జేమ్స్ ఫాక్స్ ఆయన ప్రయాణాలు ఒప్పుకునేవాడు కాదు, ఇద్దరికీ ఏళ్లతరబడి పడలేదు. 1962లో యుద్ధం, అణ్వాయుధాల గురించిన రాతలు అచ్చువేయవద్దని సభ పెద్దల నుంచి ఆదేశం వచ్చింది. ఆయన సిద్ధం చేసిన పుస్తకాన్ని అచ్చుకివ్వలేదు. ఆ భావాలు మాత్రం సైక్లోస్టైల్ ప్రతులుగా మిత్రుల చేతుల్లో తిరిగాయి. కోపం డైరీలో ఉంది, మఠం మాత్రం విడిచిపోలేదు.

1966లో ఇంకా కష్టమైనది జరిగింది. వెన్ను ఆపరేషనుకని కెంటకీలోనే ఉన్న లూయివిల్ నగరంలో ఆసుపత్రిలో చేరినప్పుడు, యాభై ఒకటో ఏట, ఒక నర్సింగ్ విద్యార్థినిని ప్రేమించాడు. కొన్ని నెలలు ఫోన్లు, ఉత్తరాలు, కలుసుకోవడాలు. విషయం మఠాధిపతి దాకా వెళ్లింది. చివరికి ఆ బంధం నుంచి వెనక్కి వచ్చి, సెప్టెంబరులో ఏకాంత జీవితానికి రాతపూర్వకంగా మళ్లీ కట్టుబడ్డాడు. డైరీలో ఆ పేజీలు చింపేయలేదు. కుటీరంలో పూర్తిగా చేరిన ఏడాది లోపే ఇది జరిగిందని గుర్తుంచుకోండి. ఏకాంతం మనిషిని గట్టిపరచకముందు మెత్తబరుస్తుంది, ఎటు వంగుతున్నామో పక్కనుంచి చూసేవాళ్లు ఉండాలి.

మీ విచారణ గురువు (మీ చర్చి ఫాదర్) గానీ, అనుభవం ఉన్న కన్యస్త్రీగానీ, ప్రార్థనలో నలిగిన పెద్దమనిషిగానీ ఎవరైనా ఫర్వాలేదు. నెలకోసారి, అరగంట. మూడు ప్రశ్నలకి జవాబు చెప్పండి: ఎన్ని రోజులు కూర్చున్నాను, ఎన్ని రోజులు మానేశాను, నోటుబుక్కులో గీత ఏ మాట కింద పడింది. కతోలికులైతే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) వేరు, ఇది వేరు, రెండూ కలపొద్దు. సలహా ఇచ్చే మనిషి మిమ్మల్ని తన మీద ఆధారపడేలా చేసుకుంటున్నా, డబ్బు ఊసెత్తినా, ఇంట్లోవాళ్లకి దూరంగా ఉండమన్నా ఆ మనిషిని మార్చండి.

మళ్లీ జనంలోకి

1958 మార్చి 18న మెర్టన్ ఏదో పనిమీద లూయివిల్ వెళ్లాడు. ఫోర్త్ వీధి, వాల్నట్ వీధి కలిసే మూల, దుకాణాలు, రద్దీ. అక్కడ నిలబడి ఉండగా, వచ్చేపోయే వీళ్లందరూ నావాళ్లే, నేను వీళ్లవాణ్ణే అన్న ఎరుక ఒక్కసారిగా కమ్ముకుంది. లోకం నుంచి వేరుగా ఉన్నానన్న భ్రమ నుంచి మేలుకున్నట్టు రాసుకున్నాడు. వాల్నట్ వీధికి ఇప్పుడు ముహమ్మద్ అలీ పేరు పెట్టారు, ఆ మూలలో గుర్తుగా ఫలకం కూడా ఉంది. ఆ రోజుకి ముందు పదహారేళ్ల మౌనం ఉంది. ఆ తర్వాతే యుద్ధం, జాతివివక్ష, గాంధీ అహింస గురించి ఆయన రాతలు ఉధృతమయ్యాయి.

దీన్ని అనుకరించడం కుదరదు, దానికి దారి మాత్రం తెరిచి పెట్టుకోవచ్చు. వారానికి ఒకసారి, బస్టాండులోనో ఆసుపత్రి వరండాలోనో క్యూలోనో ఫోను తీయకుండా పది నిమిషాలు మనుషుల్ని చూడండి. వారానికి ఒక ఉత్తరం రాయండి, ఉత్తరమంటే కబురు, అభిప్రాయం కాదు. ఒంటరిగా ఉన్న ఒక మనిషిని ఎంచుకుని పలకరించడం దినచర్యలో కలపండి. ఫలితం కనిపించలేదని మానేయకండి. 1966 ఫిబ్రవరిలో అలిసిపోయిన ఒక యువ శాంతి కార్యకర్తకి మెర్టన్ రాసింది అదే: ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దు, చేస్తున్న పనిలోని నిజం మీద మనసు పెట్టు, చివరికి మిగిలేది మనుషుల మధ్య బంధమే అని. మౌనం మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గి, ముఖం గంభీరంగా మారి, ఎవరైనా పలకరిస్తే చిరాకు వస్తుంటే మోతాదు ఎక్కువైందని అర్థం. సగానికి తగ్గించండి.

ఇతర మతాల సంగతి

మెర్టన్ జెన్ (ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధశాఖ) గురించి చదివాడు కదా, దలైలామాని 1968 నవంబరులో ధర్మశాలలో మూడుసార్లు కలిశాడు కదా, మనం కూడా అన్నీ కలిపి చేద్దాం అంటారు కొందరు. వరస చూడండి. 1938లో, ఇంకా కతోలికుడు కాకముందు, మహానామబ్రత బ్రహ్మచారి అనే బెంగాలీ హిందూ సన్యాసి న్యూయార్కులో ఆయనకి పరిచయమయ్యాడు. తన మతం పుస్తకాలు ఇవ్వలేదు. క్రైస్తవుల్లోనే అందమైన రచనలున్నాయి, అగస్తీను ఆత్మకథ, 'క్రీస్తు అనుసరణం' అనే పుస్తకం చదవమన్నాడు. ఆ మాట వినే మెర్టన్ ముందు తన బావిని తవ్వుకున్నాడు, ముప్పై ఏళ్ల తర్వాత ధర్మశాల ఎక్కాడు. మీ దినచర్యకి కనీసం ఏడాది నిండేదాకా ఒకే దారిలో ఉండండి.

తప్పిన రోజులు

ఒకరోజు తప్పితే మర్నాడు మామూలుగా కూర్చోండి, రెండింతలు చేసి బాకీ తీర్చొద్దు. మూడు రోజులు వరుసగా తప్పితే కారణం పడక వేళలో వెతకండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పదిరోజులు దాటితే మళ్లీ మొదటి రెండు వారాల మోతాదుకి, అంటే ఒక కీర్తన, పది నిమిషాలకి దిగండి. కీర్తన ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకోండి, 1 నుంచి కాదు. ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి ఉంచుకుంటే వెతుక్కునే పని కూడా ఉండదు.